సర్కారు ఫోటో, నా ముఖం

మా ఆయన ఆ రోజు పని మధ్యలోనే ఇంటికొచ్చాడు. కింది పెదవి చిట్లి రక్తం గడ్డకట్టి ఉంది. నేను నోరు తెరిచేలోపే జేబులోంచి ఒక అట్ట తీసి పొయ్యి గట్టు మీద విసిరాడు. సూరత్‌లో చీర మడతపెట్టి ప్యాక్ చేసేటప్పుడు, పైన ఒక అందగత్తె ఫోటో ఉన్న అట్ట పెడతారు. ఈ అట్ట మీదున్న అందగత్తెను నేనే.

"కార్ఖానాల ఎవడో సాంచా పక్కన గోడకు అంటిచ్చిండు. చుట్టు నిలవడి నవ్వుతున్నరు. ఒకడైతే..." అని ఆగిపోయాడు. ఆ ఒకడు ఏమన్నాడో ఇప్పటిదాకా చెప్పలేదు. వాణ్ణి కొట్టాడనీ, వాడు తిరిగి కొట్టాడనీ పెదవే చెబుతోంది.

సాంచాలంటే మరమగ్గాలు, వాటి దగ్గర మగవాళ్లు అలాంటి అట్టలు గోడలకు అంటించుకుంటారని నాకు తెలుసు. "మీ సాంచా పక్కన ఈ నెల ఏ మహారాణి ఉంది?" అని నేనే ఆయన్ని ఏడిపించేదాన్ని. నా నోటికి నేనే బుద్ధి చెప్పుకోవాల్సిన రోజు వస్తుందనుకోలేదు.

ఆ ఫోటో ఎక్కడిదో చూడగానే తెలిసింది. సూరత్‌లో మేముండే పర్వత్ పాటియాలో, మా గల్లీ చివర సర్కారు దవాఖానా ఉంది. మా బిడ్డకు పోలియో చుక్కలు వేయించడానికి వెళ్లినప్పుడు ఆరోగ్య శాఖ ఫోటోగ్రాఫరే, ఇటు చూసి నవ్వమని తీశాడు. తర్వాత అది పోస్టరై దవాఖానా గోడెక్కింది. అప్పుడు మా ఆయన మురిసిపోయి తోటి పనివాళ్లను పిలుచుకెళ్లి మరీ చూపించాడు. పోస్టర్‌లో నా భుజం మీద బిడ్డ ఉంది. అట్ట మీద బిడ్డను కోసేశారు. నా పెదవులకు ఎరుపు పూశారు, నేతచీరను జరీచీర చేశారు.

"రేపు కార్ఖానాకు సెలవు. నలుగురం పోతం. గీ అట్టలేసిన శేఠ్ దుకాణంల ఒక్క అట్ట మిగలది," అన్నాడు.

 ఆయన పనిచేసే కార్ఖానా గుడ్డ పోయేది ఆ శేఠ్‌కే. అక్కడ చెయ్యి చేసుకుంటే పని పోతుంది, పోలీసులు తీసుకుపోతారు. ఊరుగాని ఊళ్లో మాకు జామీను నిలబడేవాడు ఎవడు? వద్దంటే వినే మనిషి కాదు. అందుకే తెల్లారి ఆయన లేవకముందే బిడ్డను చంకనేసుకుని, అట్ట పట్టుకుని బయల్దేరాను. దుకాణం అడ్రసు అట్ట వెనకే ఉంది.

శేఠ్ మర్యాదస్తుడే. మంచినీళ్లు ఇప్పించాడు. అట్టనూ నన్నూ మార్చి మార్చి చూసి, "బెన్, ఇది సర్కారీ ఫోటో. దవాఖానా గోడ మీద ఊరంతా చూసేదే. సర్కారుదంటే అందరిదీ. ఇందులో నీదేముంది?" అన్నాడు హిందీలో. ఇక్కడ ఆడవాళ్లందరూ బెన్‌లే, అంటే అక్కచెల్లెళ్లే.

"ముఖం నాది," అన్నాను.

"ముఖానికి కాగితమేమైనా ఉందా?"

దుకాణంలో అందరూ నవ్వారు. శేఠ్ వెనక ఇద్దరు మనుషులు చీరలు మడతపెట్టి, ఒక్కో మడతలో నన్ను దోపి పక్కన పెడుతున్నారు. ఒళ్లు మండిపోయింది. అక్కడే నాలుగు మాటలతో కడిగేసేదాన్నే. కానీ ఎండ ఎక్కుతోంది, సెలవునాడు పొద్దెక్కి లేచే మా ఆయన ఇక లేచే వేళయింది. నీళ్లు ముట్టకుండా ఆటో ఎక్కి దవాఖానా వాళ్ల పెద్దాఫీసుకు పోయాను.

అక్కడి ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చింది. ఏడ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. "ఫోటో తీస్తుంటే వద్దన్నావా బెన్? నవ్వావు కదా," అన్నాడు. నిజమే, నవ్వాను. బిడ్డకు చుక్కలు పడ్డాయని నవ్వాను. కడుపు మండి అట్టను ఆయన బల్ల మీద కొట్టాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇది మా పోస్టర్ కదా! ఎవరిని అడిగి వేశాడు? మా మనిషి తీసిన ఫోటో ఇది. దీని మీద హక్కు సర్కారుది. ఎవడు పడితే వాడు వ్యాపారానికి వాడుకుంటాడా?"

నా ఏడుపుకు కదలని మనిషి సర్కారు సొత్తు పోయిందనగానే కదిలాడు. అప్పటికప్పుడు శేఠ్‌కు ఫోన్ చేసి, కేసంటే ఏమిటో వినిపించాడు. అవతల "సాహెబ్, సాహెబ్" అనడం నాకు వినబడుతూనే ఉంది. అట్టలన్నీ పట్టుకురమ్మని ఒక గుమాస్తాను నాతో పంపాడు. అట్టను మాత్రం ఆయన అందుకోకముందే నేను తీసుకున్నాను.

మేం పోయేసరికి మా ఆయన దుకాణం మెట్ల మీదున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు, వెనక ముగ్గురున్నారు. లోపల శేఠ్ మనుషులు కట్టెలు పట్టుకున్నారు. నేను బిడ్డతో సహా ఆయనకు అడ్డం పడ్డాను.

"ఆగు జర! సర్కారోళ్లు వచ్చిన్రు. అట్టలన్ని గుంజుకపోతరు. నువ్వు చెయ్యి లేపకు, నీ బిడ్డ మీద ఒట్టు!"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. అప్పుడు శేఠే అట్టల కట్టలు మోసుకొచ్చి ఆటోలో వేశాడు. మడతల్లోవి కూడా పీకించాడు. 

ఆటో కదిలేముందు ఆ గుమాస్తాను అడిగాను, అసలు పోస్టర్ ఒకటి ఇప్పించమని. చంటిదానిగా మా బిడ్డ ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. "సర్కారుది బెన్, ఊరికే ఇవ్వకూడదు. అనుమతికి రాసుకో," అన్నాడు. నా ముఖం కోసం నేను వాళ్లకు రాసుకోవాలట. చేతిలోని అట్టను బిడ్డ గుడ్డల కింద దాచేశాను.

ఇంటికొచ్చాక దాన్ని పొయ్యిలో పెట్టబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కాలవెట్టకు. నిన్ను నేను గుర్తే వట్టలే. రంగులు పూసి ఎవర్నో చేసిన్రు. గిది చూసి గుర్తువట్టిన."

వేలుపెట్టి చూపించాడు. నా భుజం మీద, కోసేసిన అంచు దగ్గర, చిన్న పిడికిలి మిగిలి ఉంది. దాని మణికట్టుకు, బిడ్డకు దిష్టి తగలకుండా ఆయన కట్టిన నల్లపూసలు. వాటిని చూసే ఆయన గోడ మీది అట్ట పీకాడు, వాటి కోసమే పెదవి పగలగొట్టుకున్నాడు.

వెనక ఆ కార్ఖానా గోడ సున్నం అంటుకునే ఉన్న ఆ అట్ట ఇప్పటికీ మా పెట్టెలో ఉంది. లెక్క ప్రకారం అది సర్కారు సొత్తు. కావాలంటే వచ్చి అడగమనండి, ఆ పిడికిలి ఎవరిదో చెబుతాను.