బసన్న మామ చైనా గడియారం

టైం ఎంతైందని అడిగితే బసన్న గంటలూ నిమిషాలూ చెప్పడు, ఒక జంతువు పేరు చెబుతాడు. పూర్వం చైనావాళ్లు ఎండలో కర్ర పాతి నీడతో పొద్దు కొలిచేవాళ్లనీ, పగటిని పాము గంట, గుర్రం గంట, గొర్రె గంట, కోతి గంట అని పంచుకున్నారనీ ఏదో వీడియోలో చూశాడు. మరునాడే పెద్దకడుబూరులోని తన ఇంటి వాకిట్లో కట్టె పాతేశాడు. కోడలు యశోదకు కష్టాలు మొదలయ్యాయి.

"కోతి గంట అయింది, చాయ్ పెట్టమ్మా!"

"ఫోన్లో నాలుగైంది మామా, అట్ల సెప్పు."

"ఫోనుకేం తెలుసు? అది దినామూ నీడన పండుకోనుంటాది."

ఒకసారి ఆదోని బస్సు ఆలస్యమైతే కండక్టరును నిలదీశాడు. "గొర్రె గంటకు రావాల్సిన బస్సు గదప్పా ఇది?"

కండక్టరు అతని వెనక వెతికాడు. "గొర్రె యాడుంది పెద్దాయనా? దానికీ టికెట్టు తీసుకోవాల."

మోడం పట్టి ఎండ రాని రోజు మరీ ఘోరం. రొట్టె ముందు పెట్టినా ముట్టడు. "పొద్దు కనపడకుండా ఆకలైందని ఎట్ల నమ్మేది?" అంటాడు. ఊరంతా నవ్వేది. యశోదా నవ్వేది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

భర్త వీరేష్ మిరపకాయలు కోసే సుగ్గి వలసకు గుంటూరు వైపు వెళ్లాడు. ఎనుములను చూసుకోవడానికి ఆమె ఉండిపోయింది. రాత్రి ఫోనులో అతని గొంతు వింటే బెంగ ఇంకా పెరిగేది. నిరుడు శివరాత్రికి వస్తానని చెప్పి ఉగాదికి వచ్చాడు. ఆ మధ్య రోజులన్నీ ఆమె తిండి మానేసి ప్రతి బస్సుకూ పరుగెత్తింది. ఈసారి ఎప్పుడొస్తావంటే "నాయన కట్టెను అడుగు" అంటాడు.

అడిగింది. బసన్న కట్టెకు కాస్త దూరంలో ఒక రాయి పెట్టాడు. "మిట్టమధ్యాన్నం నీడ దినామూ కురచైతా వస్తాది. దాని కొస ఈ రాయిని ముట్టిననాడు నీ మొగుడు వాకిట్లో ఉంటాడు."

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆమె నీడ ముందు కూర్చునేది. "సోంబేరి నీడ!" అని తిట్టి, మరునాడు మళ్లీ వచ్చేది. ఒకనాడు ఉండబట్టలేక రాయినే నీడ వైపు జరిపింది.

మామ దాన్ని తిరిగి పాతచోట పెట్టాడు. "రాయి జరిపితే పొద్దు జరుగుతాదా అమ్మా?"

శివరాత్రి వచ్చింది. మిట్టమధ్యాహ్నమైనా నీడ రాయికి జానెడు దూరంలోనే ఉంది. యశోద బస్సు వైపు చూడనైనా లేదు. వాకిలి ఊడుస్తుంటే మిరప ఘాటు తగిలి తుమ్మింది. తలెత్తితే ఎదురుగా మూటతో వీరేష్!

"మామా, నీ గడియారం తప్పింది!" అని కేకేసింది.

బసన్న తల గోక్కున్నాడు. "చైనావాళ్లు మన సుగ్గి చూడలేదు గదమ్మా."

"తప్పేం లేదు," వీరేష్ నవ్వాడు. "శివరాత్రికి వస్తానని పోయేటప్పుడే నాయనకు సెప్పినా. 'నువ్వు ఆలస్యమైతే పిల్ల మళ్లీ తిండి మానేస్తాది, రాయి ఉగాది నీడకు పెడతా' అన్నాడు."

యశోద మామ వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

"కూసో మామా, చాయ్ పెడతా."

"ఇంగా గుర్రం గంటే గదమ్మా. చాయ్ కోతి గంటకు గదా?"

"ఈ పొద్దు అన్నీ ముందే వస్తాండాయి మామా," అంటూ ఆమె పొయ్యి వెలిగించింది.