హార్మోనియం చేతికి మిడి కీబోర్డు

2021లో, కరోనా ఇంకా పూర్తిగా వదలని రోజుల్లో, నేను దుబాయ్ దేరాలో ఒక సంగీత వాద్యాల దుకాణంలో పనిచేస్తున్నాను. తుడవడానికి చేరినదాన్ని. గిటార్ల మీద దుమ్ము దులుపుతూ, ఎవరేం అడుగుతున్నారో, ఎవరేం కొని మర్నాడు ముఖం మాడ్చుకుని వస్తున్నారో వింటూ వింటూ కౌంటర్ మీదికి వచ్చాను. చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి విన్నది మర్చిపోను. మా ఇంట్లో అందరికీ నాతో అదే భయం.

అప్పట్లో బాగా అమ్ముడయ్యేవి మిడి కంట్రోలర్లు. చూడ్డానికి కీబోర్డే, కానీ దానికి సొంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో వైరు గుండా కంప్యూటర్‌కి చెబుతుంది, అంతే. పలికేది కంప్యూటర్. ఈ ముక్క ముందే చెప్పకపోతే కొన్నవాళ్లు ఇంటికెళ్లి, మూగదాన్ని అంటగట్టారని మమ్మల్ని తిట్టుకుంటారు.

ఒక శుక్రవారం పొద్దున గంగారాం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో ఉంటూ కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు వంచి కట్టే పని చేస్తాడు. చంకలో రూమ్మేట్‌ని అడిగి తెచ్చుకున్న లాప్‌టాప్. నాది నిజామాబాద్ అని చెప్పగానే మాస్కు కిందికి లాగి నవ్వాడు, మళ్లీ గుర్తొచ్చి పైకి లాక్కున్నాడు.

వచ్చిన పని చెప్పాడు. వాళ్లన్న ఊళ్లో భజనల్లో పాడతాడు. దుబాయ్ రాకముందు ఇతను పక్కన కూర్చుని హార్మోనియం వాయించేవాడు. ఇప్పుడు అన్నకు గొంతులో గడ్డ. మర్నాడే హైదరాబాద్‌లో ఆపరేషన్. ఆ తర్వాత మాట రాకపోవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. ఆయన ఆసుపత్రి మంచం మీదే ఒక తత్వం పాడి ఫోన్‌లో పంపాడట. దానికి నీ పెట్టె కలిపి పంపురా, వినేసి లోపలికి పోతా అన్నాడట. సాయంత్రం నుంచి ఫోన్ ఆయన చేతిలో ఉండదు. పాట ఆలోపే చేరాలి.

హార్మోనియమే కొనుక్కోవచ్చు కదా అన్నాను. గదిలో రాత్రి డ్యూటీ వాళ్లు పగలంతా పడుకుంటారట, పెట్టె తెరిస్తే దాంతోపాటు తననూ బయట పడేస్తారట. కీబోర్డయితే హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకోవచ్చు.

అతని తొందర అతనికి, మా తొందర మాకు. శుక్రవారం జుమ్మా నమాజుకు షటర్ దించితే మళ్లీ ఎత్తేది సాయంత్రమే. మా ముదీర్, అంటే మేనేజరు, కేరళ నుంచి వచ్చిన హంజా భాయ్ అప్పటికే బయటి స్టాండ్లు లోపల పెట్టేస్తున్నాడు. పోతూ పోతూ అరవై ఒక్క మెట్ల పెద్దదాన్ని చూపించాడు. గంగారాం చేతులు చాచి దాని పొడవు కొలిచాడు.

"నా మంచం మీద నేను పండాల్నా, ఇది పండాల్నా అక్కా?"

సరే, అందరూ తీసుకెళ్లే ఇరవై అయిదు మెట్ల చిన్నది తీసి అతని లాప్‌టాప్‌కి తగిలించాను. కంప్యూటర్‌లో హార్మోనియం శబ్దం పెట్టాం. వాయించాడు. ఒక స్వరం గట్టిగా మోగింది, పక్కది వినిపించనే లేదు, ఇంకోటి దగ్గినట్టు వచ్చింది. మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ అంతే. మూడోసారి మధ్యలోనే ఆపి, కాయలు కాచిన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"చువ్వలు వంచి వంచి వేళ్లు మొద్దువారినయక్కా. అన్నకు గీ వాయింపు ఇనిపియ్యలేను. వద్దు, తీసెయ్."

లాప్‌టాప్ మూయబోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. ఆ చేతులు చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హంజా భాయ్ లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు.

అయితే అతను వాయించినంతసేపూ కౌంటర్ గాజు కింద గిటార్ పిక్‌ల డబ్బా గలగలమంటూనే ఉంది. ఇంకొక్కసారి వాయించమని చూస్తే, అతని ఎడమచెయ్యి కౌంటర్ అంచు పట్టుకుని తోస్తోంది, వదులుతోంది.

"ఆ చెయ్యేం జేస్తుంది తమ్మీ?"

అతను చెయ్యి చూసుకుని సిగ్గుపడ్డాడు. "గాలి కొడుతున్నదక్కా. అలవాటు."

అప్పుడు తెలిసింది. హార్మోనియం మెట్టును ఎలా నొక్కినా ఒకటే, హెచ్చుతగ్గులన్నీ ఎడమచెయ్యి కొట్టే గాలిలో ఉంటాయి. ఈ కీబోర్డేమో వేలి దెబ్బను కొలుస్తుంది. దాన్ని వెలాసిటీ అంటారు. అతని వేళ్లు చెడిపోలేదు, ఎడమచేతికి పని దొరకలేదు. చిన్నదానికి వేలితో తోసే జాయ్‌స్టిక్ ఒకటి ఉంది కానీ, వదిలితే చటుక్కున మధ్యకు వచ్చేస్తుంది. అది హార్మోనియం తిత్తి పని చెయ్యదు.

హంజా భాయ్‌కి ఈ సంగతి హిందీలో చెప్పాను. షటర్ దించే కర్ర ఆయన చేతిలో ఉంది. విప్పిన డబ్బా మళ్లీ వెనక్కి తీసుకునేది లేదని అతనికి చెప్పమన్నాడు. చెప్పాను. గంగారాం తలూపాడు. మసీదులో అజాన్ మొదలైంది. హంజా భాయ్ ఒక్క క్షణం ఆగి, కర్ర గోడకు ఆనించి, పై అరలోంచి నలభై తొమ్మిది మెట్లది దించాడు. దానికి ఎడమ పక్క రెండు చక్రాలుంటాయి. ఒకటి వదలగానే వెనక్కి తిరుగుతుంది. రెండోది ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది, దాని పేరు మాడ్యులేషన్ వీల్. ఎలా నొక్కినా ఒకే బలం పోయేలా వెలాసిటీ మార్చి, ఆ రెండో చక్రాన్ని శబ్దం హెచ్చుతగ్గులకు కలిపాడు. వెలాసిటీని కీబోర్డు మెనూలో, చక్రాన్ని లాప్‌టాప్‌లో. నమాజు తప్పుతుందేమోనని మధ్యమధ్య గడియారం చూస్తున్నాడు.

గంగారాం ఎడమచెయ్యి చక్రం మీద పెట్టాడు. మెల్లగా పైకి తోశాడు. స్వరం ఊపిరి పీల్చినట్టు లేచింది. కౌంటర్ గలగల ఆగిపోయింది.  అతను కళ్లు మూసుకున్నాడు.

"ఖలాస్, జావ్ భాయ్, జల్దీ" అన్నాడు హంజా భాయ్. గంగారాం డబ్బు కట్టి, సగం దిగిన షటర్ కింద నుంచి డబ్బా అడ్డంగా పట్టుకుని, వంగి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం ఎవరు తలుపు తోసినా అతనే అనుకున్నాను. రాలేదు. మర్నాడూ రాలేదు. పాట చేరిందో లేదో, కంప్యూటర్ మొరాయించిందో ఏమో తెలియక నాకు అన్నం సయించలేదు. పై శుక్రవారం వచ్చాడు. వస్తూనే ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. ఆపరేషన్‌కు ముందు వాళ్లన్న పంపిన మాట, బొంగురుగా, ఆగి ఆగి వస్తోంది.

"రెండో చరణం కాడ గాలి తగ్గిచ్చినవ్‌రా. ఎప్పటి లెక్కనే నా పాట ఇనుకుంట చెయ్యి మరిచినవ్. గప్పుడు నమ్మిన, వాయించింది నువ్వేనని."

అన్న ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మేము విన్నదే ఆయన ఆఖరి మాట.

మంచి కీబోర్డు ఏదమ్మా అని ఇప్పటికీ వచ్చేవాళ్లంతా అడుగుతారు. నేను ఏదీ చూపించను. ఇంతకుముందు ఏం వాయించేవారని అడుగుతాను. దొరికినదాని మీద వాయించమని, మెట్ల మీద లేని చెయ్యి ఏం వెతుక్కుంటోందో చూస్తాను.