నలభై ఏడో నంబరు బోర్డు

హెన్నింగ్ సాండాల్ ముప్పై ఒక్క ఏళ్లు స్మోలాండ్ అడవుల్లో ఉత్తరాలు పంచాడు. రిటైరయ్యాక బతికున్నవాళ్ల చిరునామాలతో పని తీరిపోయి, పోయినవాళ్ల చిరునామాలు వెతకడం మొదలుపెట్టాడు. నూట డెబ్బై ఏళ్ల కిందటి సర్వే పటం నకలుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, రబ్బరు బూట్లేసుకుని అడవిలో పడేవాడు. పటంలో చిన్న నల్లగడి ఉన్నచోట నాచు పట్టిన రాళ్ల గుట్ట దొరికేది. పక్కన లైలాక్ పూలపొదో, గూస్‌బెర్రీ పళ్లపొదో ఉంటే అది ఇల్లే అన్నమాట. ఎంత లేనివాళ్లయినా వాకిట్లో ఒక పొద నాటుకునేవాళ్లు. అక్కడ ఇనప కమ్మీ పాతి ఊరి చరిత్ర సంఘం బోర్డు బిగించేవాడు: ఇంటి పేరు, చివరగా ఉన్నవాళ్ల పేర్లు, సంవత్సరం. అలా నూట పన్నెండు బోర్డులు పాతాడు.

అందులో నలభై ఏడోది మాత్రం సొంత మనిషిది. "స్టీనా కాయ్సా ఇల్లు, 1869 వరకు." ఆవిడ అతని నాయనమ్మకి నాయనమ్మ. నిజానికి అక్కడ పొదా లేదు, వాకిలీ లేదు. గట్టులోకి తవ్విన గుంట, అందులో ఒక పొయ్యి, అంతే. వేరేవాళ్లెవరైనా దాన్ని ఇల్లంటే హెన్నింగ్ ఒప్పుకునేవాడు కాదు. కానీ ఎప్పుడో ఒక ముసలి కట్టెలవాడు దాన్ని చూపించి "మా పెద్దవాళ్లు దీన్ని స్టీనాది అనేవాళ్లు" అన్నాడు. అది చాలు అతనికి. పొద లేకపోవడానికి మేకలే కారణమని సర్దుకున్నాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, తనే ఒక లైలాక్ మొక్క కొని తెచ్చి నాటాడు కూడా. దాన్ని దుప్పి తినేసింది.

మాల్మోలో ఉండే పినతండ్రి కూతురు మరియాన్ ఒకసారి వచ్చి ఆ పొయ్యిరాతికి చెంప ఆనించి ఏడ్చింది. వెళ్తూ ఒక రాయి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఆ వేసవిలో అక్కడే చుట్టాలందరినీ కలుపుదామని ఆవిడే పూనుకుంది. ముప్పై నాలుగు మంది వస్తామన్నారు.

వచ్చేవాళ్లందరికీ తలా ఒక పటం ఇవ్వాలని, దాంతోపాటు సర్వేవాళ్లు రాసిన వివరాల జాబితా కూడా తెప్పించాడు హెన్నింగ్. ఇన్నేళ్లలో ఆ జాబితా చూడాలని అతనికి తోచలేదు. వంటింటి బల్ల మీద వేలు పెట్టి వరసలు చదువుతూ ఆ నల్లగడి దగ్గర ఆగాడు. "బెక్‌గోర్డెన్, నూర్‌హుల్ట్ కమతాల రైతుల ఉమ్మడి. అవిసె కట్టలు ఆరబెట్టే గది." మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అదే ఉంది.

సంఘంలో పాత రాత చదవగలిగేది రిటైరైన టీచరమ్మ గుడ్రున్ ఒక్కతే. హెన్నింగ్ తిన్నగా ఆమె ఇంటికెళ్లాడు.

"గుడ్రున్, మావాళ్లు ముప్పై నాలుగు మందికీ అవిసె నార ఆరబెట్టే కొట్లో కాఫీ పొయ్యబోతున్నాను. నవ్వుతావో తిడతావో నీ ఇష్టం."

ఆమె రెండూ చెయ్యలేదు. "బూట్లు విప్పి కూర్చో" అంది. సొరుగులోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. "ఇది నేను నాలుగేళ్ల కిందట చదివాను. నీకు చెప్పలేదు."

"ఎందుకని?"

"అప్పటికే నువ్వు బోర్డు పాతేశావు. నీ మొహం చూస్తే నోరు రాలేదు. పైగా బెక్‌గోర్డెన్ మా పుట్టిల్లు."

అది ఊరి సభ పుస్తకంలో ఒక పేజీ. స్టీనా కాయ్సాకి ఇల్లంటూ లేదు. కొడుకు ఎవరి దగ్గరో పాలేరు, పడుకోవడానికి గుర్రాలసాల. అలాంటివాళ్లని ఆ రోజుల్లో ఆరు కమతాలకి వంతు వేసేవాళ్లు, ఒక్కో ఇంట్లో ఏడు రోజులు. ఏడో రోజు సాయంత్రం మూటతో సహా తరవాతి ఇంటికి దింపేవాళ్లు. 1869, వరసగా పంటలు పోయిన కాలం. ఫిబ్రవరిలో నూర్‌హుల్ట్ వాళ్లు ఆవిడని మంచు మీద లాగే స్లెడ్జి బండిలో తెచ్చి బెక్‌గోర్డెన్ సరిహద్దు గేటు దగ్గర దించేశారు. వంతు ఇంకా మొదలవలేదని, రేపు రమ్మని బెక్‌గోర్డెన్ వాళ్లు గేటు తియ్యలేదు. తెల్లారేసరికి ఆవిడ సరిహద్దు రాతికి ఆనుకుని బిగుసుకుపోయి ఉంది.

"శవపేటిక ఎవరు చేయించాలా అని సభ పెట్టారు" అంది గుడ్రున్. "ఎటువైపు పడి ఉందో తేల్చడానికి సర్వే పటం తెప్పించి దాని మీద గుర్తు పెట్టారు."

హెన్నింగ్ తన పటం తీశాడు. సరిహద్దు గీత మీద పెన్సిల్‌తో వేసిన చిన్న అడ్డుగుర్తు. అది ఊట బావి అయి ఉంటుందని, ఒక వేసవిలో అక్కడ పార పట్టుకుని తవ్వాడు. బడిపిల్లల్ని తీసుకెళ్లి ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"సరిగ్గా గీత మీద ఉంది" అన్నాడు.

"అందుకే తొమ్మిది రోజులు పట్టింది. చివరికి పలకలు వీళ్లవి, మేకులు వాళ్లవి అని తేల్చుకున్నారు."

"ఆ తొమ్మిది రోజులూ?"

"ఆ నార గదిలోనే పెట్టారు. రెండిళ్లకీ ఉమ్మడి కదా."

హెన్నింగ్ పటాన్ని మడిచి మళ్లీ ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. తరవాత, "అయితే ఇల్లు కాదనలేం, గుడ్రున్. ఆవిడని ఏడు రోజులకి మించి ఉండనిచ్చిన చోటు అదొక్కటే" అన్నాడు.

మర్నాడు పాత బోర్డు పీకేసి కొత్తది చేయించాడు. "స్టీనా కాయ్సా ఇక్కడ చనిపోయింది. 1869 ఫిబ్రవరి." దాన్ని సరిహద్దు రాయి దగ్గర పాతాలి. ముప్పై నాలుగు మంది ముందు తన తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడు గానీ, ఆవిడ పేరు ఎక్కడా లేకుండా పోవడం మాత్రం అతను ఓర్చుకోలేకపోయాడు. నేల వేరేవాళ్లది, అడక్కుండా పాతకూడదు. బెక్‌గోర్డెన్‌లో ఇప్పుడుండేది గుడ్రున్ తమ్ముడు టోగె.

"వద్దనడం లేదయ్యా" అన్నాడు టోగె, ట్రాక్టరు దిగకుండానే. "శరత్కాలంలో చెట్లు కొట్టే యంత్రం అటే పోవాలి. అవతల నూర్‌హుల్ట్‌లో రూల్ఫ్ వైపు పాతుకో. ఆవిడ అప్పటికి వాళ్ల లెక్కలోనే ఉందిగా."

"నీకెవరు చెప్పారు ఆ మాట?"

"మా తాత."

నూర్‌హుల్ట్ రూల్ఫ్ కాఫీ ఇచ్చాడు, యాలకుల బన్నూ పెట్టాడు. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"నా వైపు బోర్డు పెట్టించుకుంటే తప్పు నెత్తినేసుకున్నట్టు కాదా? మావాళ్లు గేటుదాకా తెచ్చి దించారు. తియ్యనిది వాళ్లు. టోగెని అడుగు."

"రూల్ఫూ, ఇది బోర్డయ్యా. తిండి అడగదు."

"నువ్వలాగే అంటావు. పోస్టు పంచినోడివి, నీకు రెండు గుమ్మాలూ ఒకటే."

ఆ తరవాత రెండో శనివారం చుట్టాలందరూ వచ్చారు. హెన్నింగ్ వాళ్లని నార గది మీదుగా సరిహద్దు రాయి దాకా నడిపించి, దాచకుండా అంతా చెప్పాడు. చెప్తున్నంతసేపూ అతని చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అయితే నేనేడ్చింది నారపొయ్యి మీద పడా?" అంది మరియాన్.

"కొంతవరకు అంతే, తల్లీ."

బోర్డు ఎక్కడుందని ఎవరో అడిగారు. హెన్నింగ్ కారు దగ్గరికెళ్లి కమ్మీతో సహా భుజాన వేసుకొచ్చాడు. పాతడానికి అటూ వీల్లేదు, ఇటూ వీల్లేదు. సరిహద్దు రాయి నెత్తి మీద కమ్మీ ఆనించి, రెండు చేతులా నిలబెట్టి పట్టుకున్నాడు. జనం ఒక్కొక్కరే దగ్గరికొచ్చి చదివారు. ఎవరి మొహం చూడాలో తెలియక అతను చెట్ల వైపు చూశాడు. తోపు అంచున టోగె ట్రాక్టరు ఆగింది. కాసేపు ఇంజను గుర్రుమంది. తరవాత తిరిగి వెళ్లిపోయింది.

సన్నగా వాన పట్టింది. ప్లాస్కులు మూసుకుని ఒక్కొక్కరే కార్ల వైపు కదిలారు. గుడ్రున్ మాత్రం బెక్‌గోర్డెన్ వైపు నిలబడి కమ్మీ మీద ఒక చెయ్యి వేసింది.

"ఎంతసేపు పట్టుకుంటావు?"

"అందరూ చదివేదాకా."

"చదివేశారు, హెన్నింగ్. వెళ్లిపోతున్నారు."

"అలాగా" అన్నాడు. కమ్మీ మాత్రం వదల్లేదు. "ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం."