ఎండు నెత్తళ్లతో బూన్ లే దాకా

ఒక పెట్టెడు ఎండు చేపలు చేతికిస్తే ఒక ఊరి ఆశనే దాదాపు ముంచేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వండి, అభ్యంతరం లేదు. జాలి మాత్రం నా మీద వృథా చేయకండి, దానికి అర్హులు వేరే ఉన్నారు.

సింగపూర్‌లోని మా తెలుగువాళ్ల సేవా సంఘం శ్రీకాకుళం తీరాన ఒక మత్స్యకారుల ఊరికి చేదోడుగా ఉంటోంది. అక్కడి ఆడవాళ్లు నెత్తళ్లు ఆరబెట్టుకోవడానికి అరుగులు కట్టించాం. సరుకు తయారైంది, కొనేవాడే లేడు. చివరికి సింగపూర్‌లోనే పడమటి కొసన ఉండే బూన్ లేలో ఒక దుకాణదారు, శాంపిల్ నచ్చితే నెలనెలా తీసుకుంటానని మా కార్యదర్శికి ఫోన్‌లో చెప్పాడు. ఆయన కాదంటే ఆ అరుగులు కాకులు కూర్చోవడానికే. పెట్టె మోసే పని నాకు పడింది. ఆ రోజుల్లో నా నోరు పొయ్యి మీది పెనం. ఒక్క చుక్క పడితే చాలు, చుయ్యిమనేది.

సెరంగూన్‌లో రైలెక్కాను. నాకంటే ముందు వాసన ఎక్కింది. పక్క సీటు పెద్దాయన పెట్టె మీది తెలుగు అక్షరాలు చదివి, గట్టిగా ముక్కు ఎగబీల్చాడు.

"ఏం తంబీ, ఈ వాసన..."

అంతే!

"వాసనా? ఇది శ్రమ వాసనండీ! మల్లెపూలకు లేని మైల చేపలకెక్కడిది?"

"అది కాదు లా, నేనడిగేది..." అన్నాడు, సింగపూర్ అలవాటుగా మాటకు 'లా' తగిలించి.

"మీరడిగేది నాకు తెలుసు! అసలు ముక్కుకు కులం నేర్పిందెవరు?"

"అయ్యో, ఒక్క మాట చెప్పనీ!"

"ఇన్నాళ్లూ మీరే చెప్పారు. ఇక వినండి!"

విన్నాడు పాపం. నడిచే రైల్లోంచి ఎక్కడికి దూకుతాడు? నేను రైలు మారితే ఆయనా మారాడు. అంటరానితనంతో మొదలుపెట్టి, పంక్తిభోజనాల మీదుగా బూన్ లే చేరాను. దిగాక ఆయనా నా వెంటే నడిచాడు. వాదన మిగిలి ఉందేమోనని వీధిలో నిలబెట్టి మలివిడత వాయించాను. ఆయన నన్ను దాటుకుని, నేను వెతుకుతున్న దుకాణం ముందు ఆగి, జేబులోంచి తాళంచెవి తీసి షట్టరెత్తాడు.

నా నోరు మొదటిసారి నెత్తళ్లకన్నా ఎక్కువ ఎండింది.

"ఇప్పుడు అడగనా తంబీ? ఈ వాసన చూస్తే ఇసుక తగలకుండా ఆరబెట్టినట్టుంది, ఎక్కడి సరుకు?"

పెట్టె విప్పి, ఒక నెత్తల్ని విరిచి చూసి, ఊరికి ఫోన్ కలపమన్నాడు. అక్కడి మహిళా సంఘం అధ్యక్షురాలు లక్ష్మమ్మ పలికింది.

"సరుకు ఫస్ట్ క్లాసమ్మా, నెలనెలా పంపు. ఒకటే షరతు. ఈ తంబీ చేత మాత్రం పంపొద్దు. దారి పొడుగునా చెవులు తినేశాడు!"

లక్ష్మమ్మ పకపకా నవ్వింది. "ఒక్క రైలుకే అలాగనేత్తే ఎలాగ బాబూ? అరుగులు కట్టినప్పుడు ఈ బాబు మా ఊర్లో వారం రోజులున్నాడు. మావేటైపోవాల?"

ఆ షట్టరు కిందే భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఎదుటివాడి వాక్యం పూర్తయ్యేదాకా సంఘసంస్కరణ మొదలుపెట్టను. దేవుడి మీద ఒట్టేసే అలవాటు లేదు కనుక, ఎండు నెత్తళ్ల మీద ఒట్టు!