జడుపు మట్టి

మా అత్త దగ్గర నేను నేర్చుకున్న విద్య జడుపు తీయడం. భయపడి మంచాన పడ్డవాళ్లను ఎక్కడ జడుసుకున్నారో అడగాలి. ఆ జాగాకు పోయి పిడికెడు మట్టి తెచ్చి, నీళ్లతో కలిపి నుదుటికి రాయాలి. వేరే చోటి మట్టి పనిచేయదని మా అత్త గట్టిగా చెప్పేది. నేను బడి ముఖం చూసిందాన్ని కాదు. అత్త మాటే నాకు చదువు.

పల్లెల్లో దొరల మీద లేచిన గలాటాలు సద్దుమణిగి రెండు మూడేళ్లయింది. మా పక్కింటి కోడలు అంతకుముందు దొర గడికి వెట్టికి పోయి వడ్లు దంచేది. ఇప్పుడు తలుపు చప్పుడైతే చేతిలో బిందె జారవిడిచేది, మొగుణ్ణి దగ్గరికి రానిచ్చేది కాదు. ఇట్లయితే కొడుక్కి వేరే పిల్లను తెస్తానని వాళ్లత్త అంటోంది. ఆ అత్తే కోడల్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. ఎక్కడ జడుసుకున్నావని అత్త ఎదుటే అడిగాను. బాయి కాడ అంది ఆ పిల్ల. బాయి దగ్గరి మట్టి తెచ్చి రాశాను. ఏమీ కాలేదు.

నా విద్య తప్పదు, ఈ పిల్లే అబద్ధమాడిందని నాకు పంతం పట్టింది. తలకు నూనె పెడతానని రోజూ పిలిచి, మెల్లగా అడిగేదాన్ని. పదిహేను రోజులకు నోరు విప్పింది.

"గడి ఎనుక, గాదెల కాడ. ఎవ్వరికి చెప్పకక్కా. ఇంకేం అడగకు."

అడగలేదు. అడగకుండానే అంతా తెలిసింది. నాలుగు రోజులు నాకే ముద్ద దిగలేదు. రోకటి చప్పుడు వింటే చెవులు మూసుకునేదాన్ని. ఇంట్లో ఏమైందంటే జ్వరమన్నాను.

అయిదో రోజు పట్టపగలు గిన్నె పట్టుకొని గడి వెనక గాదెల దగ్గరికి పోయాను. మట్టి తవ్వుతుంటే బట్టల మూటతో పోతున్న చాకలామె నిలబడి చూసింది. నేను ఎవరికి మందు చేస్తున్నానో, ఆ మట్టి ఎందుకో ఊరందరికీ తెలుసు. పొద్దు గూకకముందే మాట ఇల్లిల్లూ తిరిగింది.

ఆ పిల్లను మొగుడు తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు బండి కట్టాడు, తల్లిగారింట దించి రావడానికి. నేను బండి దగ్గరికి ఉరికాను.

"ఎవ్వరికి చెప్పలే చెల్లె, నా పిల్లల మీద ఒట్టు."

"మట్టికి పోయినవు గదక్కా, అందరు చూడంగ."

బండి ఖాళీగా తిరిగొచ్చింది. ఎండాకాలం పోకముందే ఆ ఇంట్లోకి వేరే పిల్ల వచ్చింది.

ఆ తర్వాత కూడా జడుపు తీయమని నా దగ్గరికి వచ్చారు. ఎక్కడ అని అడగడం మానేశాను. మా పెరట్లో చిక్కుడు పాదు కింది మట్టే తీసి, ఆ జాగాదే అని చెప్పి రాశాను. దాంతోనే లేచి పనికి పోయినవాళ్లున్నారు. ఆ పిల్లకూ అదే రాసి ఉండాల్సింది.