చుట్టాల మాస్కు

బంగారాలూ, మీరు ఫోన్లో పంపిన బొమ్మలో ఉన్నది నేనే. మొహానికి గ్యాసు మాస్కు, మోచేతి కింద తేలు పచ్చబొట్టు. "అమ్మమ్మా, నీ బొమ్మ డెన్మార్కులో గోడకెక్కింది! కింద విరిగిన చెయ్యి అని రాశారు. నీ చెయ్యి ఎప్పుడు విరిగింది?" అని అడిగారు. చెప్తాను, వినండి.

గల్ఫులో యుద్ధం వచ్చిన ఏడు ఖతీఫ్ ఊరి పక్కన ఒక డెన్మార్కు ఇంజనీరు ఇంట్లో పనికి పెట్టాడు నన్ను, వీసా ఇచ్చి తెప్పించుకున్న మా కఫీలు. ఇంజనీరు భార్య నవలలు రాసేది, బొమ్మలేసేది. అన్నీ పేదోళ్ళ గురించే. జెండా పట్టుకుని వాళ్ళ దేశంలో ఊరేగిన ఫొటోలు హాలు నిండా ఉండేవి. వాటి దుమ్ము నేను తుడిచేదాన్ని. పాపం, తాను తాగిన కప్పు తాను తియ్యడం మాత్రం ఎరగదు.

ఓ రోజు నా పచ్చబొట్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ యజమాని వేశాడా ఈ ముద్ర?"

"కాదు మేడమ్, చిన్నప్పుడు తీర్థంలో సరదాపడి పొడిపించుకున్నాను."

"భయపడకు, నాకు చెప్పొచ్చు," అంది. ఇంకేం చెప్తాం!

విషవాయువు బాంబులు పడతాయేమోనని ఇంజనీరు కంపెనీ ఆ ఇంటికి మూడు మాస్కులిచ్చింది. ఆయనకొకటి, ఆవిడకొకటి, చుట్టాలొస్తే ఒకటి. ఆ చుట్టాల మాస్కు నాకు తగిలించి, కుర్చీలో కూచోబెట్టి, యుద్ధం వద్దంటూ బొమ్మ మొదలెట్టింది. సగంలో సైరన్ మోగింది. ఆ తల్లి నా మొహం మీంచి మాస్కు లాగేసుకుని, పిల్లిని చంకనేసుకుని, లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ గది కిటికీలకి ప్లాస్టిక్కు కప్పి టేపు అంటించింది నేనే!

వంటింట్లో తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని కూచున్నాను. ఊళ్ళో మీ అమ్మ అప్పటికి పసిపిల్ల. ఇక దాన్ని చూస్తానా అనుకున్నాను.

సైరన్ ఆగాక ఆవిడ బయటికొచ్చి, నన్ను చూసి, "కదలకు! అలాగే ఉండు, ఎంత బాగుందో!" అని కాయితం కోసం పరిగెత్తింది.

నేను తువ్వాలు తీసి తీగ మీద ఆరేశాను. మెల్లిగానే అన్నాను, "మేడమ్, బొమ్మ పూర్తయ్యేదాకా మాస్కు నా దగ్గరే ఉంటుంది. లేదంటే కూచోను."

"అది కంపెనీది కదా..."

"అయితే పిల్లిని కూచోబెట్టుకోండి."

ఆవిడకి బొమ్మ కావాలి. ఇచ్చింది. ఆ తర్వాత సైరన్ మోగినప్పుడల్లా నాకూ మాస్కు ఉంది. బొమ్మ అయిపోతే మళ్ళీ లాక్కుంటుందని తెలుసుగా! అందుకని రోజూ కూచున్నప్పుడు చెయ్యి కాస్త జరిపేదాన్ని. ఆవిడ చెరిపేసి మళ్ళీ వేసేది. "నిన్న ఇలా లేదే?" అని తల పట్టుకునేది.

"ఇలాగే ఉంది మేడమ్."

యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పాక, ఆ మర్నాడు కదలకుండా కూచున్నాను. కానీ అన్నిసార్లు చెరిపిన చోట ఆ మహాతల్లికి చెయ్యి కుదరనే లేదు, బొమ్మలో వంకరగానే మిగిలిపోయింది.

చెయ్యి విరగలేదు నాన్నా. ఇప్పటికీ దీంతోనే పిండి రుబ్బుతున్నాను.