గడ్డిచేమంతుల ఉగాది

ఎక్కడ పచ్చిగడ్డి కోసిన వాసనొచ్చినా నాకు సెంగ్‌కాంగ్‌లో మా మొదటి ఉగాదే గుర్తొస్తుంది. నాన్న కంప్యూటర్ ఉద్యోగానికని ఆ పరాయి దేశానికి అప్పుడే వచ్చాం. గడప పూజకని అమ్మ, ఫ్లాట్ల పక్కనున్న ఖాళీ మైదానంలో విరగబూసిన గడ్డిచేమంతులు కోస్తోంది. ఈ ఊళ్లో పువ్వు తెంపితే పోలీసులు పట్టుకుపోతారని ఎవరో అనగా విన్నాను, నాకేమో భయం. అంతలో ముఖం కనపడని హెల్మెట్, పెద్ద బూట్లతో ఒకాయన మావైపే వచ్చాడు. అమ్మకు అడ్డం నిలబడ్డాను.

“నేనే కోశా పోలీసంకుల్. నన్ను పట్టుకుపోండి.”

ఆయన హెల్మెట్ ఎత్తి నవ్వాడు. “నేను మిషన్‌తో గడ్డి కోసేవాణ్ణి పాపా, మాది శ్రీకాకుళం. అక్కా, మీరు నిదానంగా కోసుకోండి. నేను అటుపక్క నుంచి మొదలెడతాను.”

బుట్ట నిండింది. ఇంటికొచ్చి గడప ముందు కూర్చున్న అమ్మ, మొదటి పువ్వు నా జడలో పెట్టింది. గడపకంటే ముందు నాకు పూజ జరిగిన ఉగాది అదొక్కటే.